ముఖం తెలుసు, పేరు అందదు: మన ప్రముఖులను ఏ వయసువారు ఎంతవరకు గుర్తుపడుతున్నారు?

ప్రశ్న
కాలనీ గ్రంథాలయ కార్యదర్శి, హైదరాబాదు

సభ్యులందరికీ నమస్కారం. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో మా కాలనీ గ్రంథాలయం తరఫున వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెట్టడం ఆనవాయితీ. ఈసారి వాటికి తోడుగా ‘ఈ చిత్రంలో ఉన్నది ఎవరు?’ అనే పోటీ కూడా పెట్టాము. పాత పత్రికల నుంచి, ప్రభుత్వ ప్రచురణల నుంచి సేకరించిన ఛాయాచిత్రాల కింద పేర్లు తీసేసి, వరుస సంఖ్యలు వేసి గోడకు అంటించాము. ఉన్నత పాఠశాల పిల్లలు ఒక జట్టు, ముప్ఫై నలభై ఏళ్ల ఉద్యోగులు, గృహిణులు ఒక జట్టు, అరవై దాటిన మా నిత్య పాఠకులు ఒక జట్టు. ఎవరి కాగితం మీద వారే జవాబులు రాయాలి. ఆ కాగితాలు దిద్దుతుంటే కలిగిన సందేహాలను మీ ముందు పెడుతున్నాను.

పెద్దల జట్టులో చాలామంది కాసు బ్రహ్మానందరెడ్డి చిత్రం ముందు నిలబడి, ‘ఈయన తెలియకపోవడమేమిటి, నరసరావుపేట వైపు ఆయన, అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటి ముఖ్యమంత్రి, తర్వాత ఢిల్లీలో హోంమంత్రి’ అని పక్కవారికి కూడా వినిపించేలా చెప్పి, తీరా కాగితం మీద పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలేశారు. పేరు అడిగితే నాలుక మీదే ఉందన్నారు. ఇంటికి వెళ్లిన తర్వాత గుర్తొచ్చి ఫోను చేసి చెప్పినవారూ ఉన్నారు. పిల్లల జట్టుకు అంబేద్కర్, అబ్దుల్ కలాం, పి.వి. సింధు, మహమ్మద్ సిరాజ్ ఏమాత్రం కష్టం కాలేదు. విల్లు, బాణాలు, కాషాయ వస్త్రాలు కనబడగానే అల్లూరి సీతారామరాజు పేరు తడుముకోకుండా రాశారు. బ్రహ్మానందరెడ్డి పేరు మేము చెప్పిన తర్వాత మాత్రం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, ‘అది పార్కు పేరు కదండీ’ అని నిజంగానే ఆశ్చర్యపోయింది. నడివయసు జట్టు ఎన్.టి. రామారావు, పి.వి. నరసింహారావు, రాజశేఖరరెడ్డి చిత్రాల దగ్గర తడబడలేదు. మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య చిత్రం దగ్గర మాత్రం మూడు జట్లూ ఆగిపోయాయి. పెద్దలలో కూడా ఆయనను గుర్తుపట్టినవారు అరుదు.

ఫలితాలు చూసి మా కమిటీలో ఒక పెద్దాయన ఈ తరానికి ఏమీ తెలియదని తీర్పు చెప్పేశారు. ఆ తీర్పు నాకు మింగుడుపడటం లేదు. ఈ తేడా వయసుతో వచ్చే జ్ఞాపకశక్తి తేడాయా, పెరిగిన కాలం తేడాయా, లేక మేము చిత్రాలను ఎంచుకోవడంలోనే ఏదైనా పక్షపాతం జరిగిందా? వివరాలన్నీ చెప్పి పేరు మాత్రం చెప్పలేకపోయిన పెద్దల విషయంలో వారి పిల్లలు ఆందోళన పడాలా? వచ్చే ఏడాది పోటీ మూడు తరాలకూ న్యాయంగా ఉండాలంటే చిత్రాలను ఎలా ఎంచుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1
మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు, విశాఖపట్నం

కార్యదర్శి గారికి నమస్కారం. ఇళ్లలో భయం పుట్టించే సంగతి కాబట్టి పెద్దల విషయం ముందు చెబుతాను.

ముఖాన్ని గుర్తుపట్టే తీరు గురించి విక్కీ బ్రూస్, ఆండీ యంగ్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1986లో ఒక నమూనాను ప్రతిపాదించారు. ఇప్పటికీ మేము తరగతిలో దానితోనే పాఠం మొదలుపెడతాము. ఆ నమూనా ప్రకారం మొదట ఈ ముఖం ఎప్పుడో చూసినదే అన్న ఎరుక కలుగుతుంది, ఆ తర్వాత ఆ మనిషి ఎవరు, ఏం చేశాడు అన్న వివరాలు అందుతాయి, అన్నిటికన్నా చివర పేరు అందుతుంది. వివరాలు ఏవీ తెలియకుండా పేరు ఒక్కటే అందడం దాదాపు జరగదు. వివరాలన్నీ అంది పేరు అందకపోవడం మాత్రం అన్ని వయసులవారికీ జరుగుతుంది, వయసు పైబడిన కొద్దీ మరింత తరచుగా జరుగుతుంది. నరసరావుపేట, ముఖ్యమంత్రి పదవి, ఢిల్లీ హోంశాఖ అనే వివరాలు ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. పేరుకు అలాంటి ఆసరా ఏదీ లేదు, అది ఆ మనిషికి తగిలించిన ఒక శబ్దం మాత్రమే. డెబొరా బర్క్, ఆమె సహచరులు 1991లో ప్రచురించిన పరిశోధనలో, నాలుక మీద ఉండి బయటికి రాకపోవడమనే ఈ స్థితి వృద్ధులలో ఎక్కువని, అందులోనూ మనుషుల పేర్ల దగ్గర మరీ ఎక్కువని చూపించారు. చాలాకాలం వాడని మాటకు, దాని శబ్దానికి మధ్య ఉన్న బంధం సడలిపోవడమే దీనికి కారణమని వారి వివరణ. బ్రహ్మానందరెడ్డి పేరును మీ పాఠకులు ఆఖరుసారి పైకి పలికి ఎన్నేళ్లయి ఉంటుందో ఆలోచించండి. ఇంటికి వెళ్లాక గుర్తొచ్చి ఫోను చేశారంటే ఆ పేరు లోపల భద్రంగానే ఉందన్నమాట.

ఆందోళన పడాల్సింది వేరే సందర్భంలో. ఒకప్పుడు బాగా ఎరిగిన ముఖాన్ని అసలెప్పుడూ చూడలేదనడం, రోజూ కలిసే బంధువుల ముఖాల దగ్గర తికమకపడటం, అడిగిన మాటనే కాసేపటికి మళ్లీ అడగడం వంటివి కనిపిస్తే నరాల వైద్యుడికి చూపించాలి. మీరు చెప్పిన లక్షణం ఒక్కటే అయితే వారి పిల్లలు నిశ్చింతగా ఉండవచ్చు.

ఇక తరాల తేడా. మనిషి తన జీవితంలో సుమారు పదేళ్ల వయసు నుంచి ముప్ఫై ఏళ్ల వయసు వరకు జరిగినవాటిని, ముందు వెనుకల కాలాలకన్నా ఎక్కువగా గుర్తుపెట్టుకుంటాడని అనేక పరిశోధనలు తేల్చాయి. సొంత అనుభవాలకే కాక సినిమా పాటలకూ, రాజకీయ సంఘటనలకూ, ప్రముఖుల ముఖాలకూ ఇది కొంతమేరకు వర్తిస్తుంది. ఇప్పుడు లెక్క వేసి చూడండి. 1957లో పుట్టిన మీ పాఠకుడికి ఆ వయసు 1967 నుంచి 1987 వరకు నడిచింది. బ్రహ్మానందరెడ్డి, వెంగళరావు, చెన్నారెడ్డి, అంజయ్య, ఎన్.టి. రామారావు అందరూ ఆ ఇరవై ఏళ్లలోనే పదవిలో ఉన్నారు. సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉన్నది 1960 నుంచి 1962 వరకు, అంటే మీ పాఠకుడికి అప్పటికి అక్షరాభ్యాసం కూడా సరిగా అయి ఉండదు. సంజీవయ్య 1972లోనే చనిపోయారు కాబట్టి తర్వాత పత్రికల్లో చూసే అవకాశమూ తక్కువే. ఎనభై అయిదేళ్లవారిని అడిగి ఉంటే జవాబు వేరుగా ఉండేది. అరవై దాటినవారందరినీ ఒకే గంపలో వేయడమే మీ పోటీలోని అసలు లోపమని నా అభిప్రాయం. అరవై రెండేళ్ల మనిషికి, ఎనభై అయిదేళ్ల మనిషికి మధ్య ఒక నిండు తరం ఉంది.

జవాబు 2
పత్రికా కార్యాలయంలో పనిచేసి రిటైరైనవాడిని, విజయవాడ

అధ్యాపకురాలు గారు మెదడు వైపు నుంచి చెప్పారు కాబట్టి నేను కాగితం వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఏ ముఖమైనా మనిషి బుర్రలోకి వెళ్లాలంటే ముందు కంటికి కనబడాలి కదా.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పత్రికలో ఫొటో వేయాలంటే లోహపు బ్లాకు చేయించాలి. అది ఖర్చుతోనూ, సమయంతోనూ కూడిన పని కాబట్టి ముఖ్యమైన నాయకుల బ్లాకులను అరలలో దాచి ఉంచి, అవసరమైనప్పుడల్లా ఆ బ్లాకునే మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. ఒక నాయకుడికి అరవై ఏళ్లు వచ్చినా పత్రికలో నలభై ఏళ్ల వయసునాటి ముఖమే కనబడేది. దీని ఫలితం ఏమిటంటే, ఆ కాలపు పాఠకులకు ఒక్కొక్క నాయకుడికి ఒకే ముఖం, ఒకే భంగిమ అచ్చుపడిపోయాయి. మీ పోటీలో ఆ అలవాటైన చిత్రం బదులు అదే నాయకుడి యవ్వనంలోని ఫొటోనో, ఇంట్లో కూర్చున్న ఫొటోనో పెడితే మా తరం వాళ్లు కూడా తెల్లముఖం వేస్తారు. పిల్లలు అల్లూరిని గుర్తుపట్టారని మీరు సంతోషపడ్డారు కానీ వాళ్లు గుర్తుపట్టింది విల్లును, కాషాయాన్ని. మా తరానికి ఆ రూపం 1974 నాటి సినిమాలో కృష్ణ గారి ద్వారా వచ్చింది, ఈ పిల్లలకు 2022 సినిమాలో రామ్‌చరణ్ ద్వారా వచ్చింది. కాబట్టి ఆ ఒక్క చిత్రం దగ్గర మాత్రం తాతకూ మనవడికీ సమానంగా మార్కులు పడటంలో వింతేమీ లేదు.

ఇంకొక సంగతి. మా చిన్నతనంలో ప్రముఖులలో చాలామందిని మేము గొంతుతో ఎరుగుదుము. ఆకాశవాణిలో వార్తలు చదివిన అద్దంకి మన్నార్ గారిని, పన్యాల రంగనాథరావు గారిని ‘వార్తలు చదువుతున్నది’ అన్న మాటతోనే కళ్లు మూసుకుని గుర్తుపట్టే ఇళ్లు వేలకు వేలుండేవి. ఆ ఇళ్లలోనే వారి ఫొటో చూపిస్తే ఒక్కరూ చెప్పలేకపోయేవారు. నెహ్రూను కదులుతుండగా చూసింది సినిమా హాల్లో, అసలు సినిమాకు ముందు వేసే న్యూస్ రీల్లో. హైదరాబాదులో దూరదర్శన్ 1977లో మొదలైనా, ఊళ్లలోకి టీవీ పాకడానికి చాలా ఏళ్లు పట్టింది. కాబట్టి మా తరం వాళ్లు ఎక్కువ ముఖాలు ఎరుగుదురని అనుకోవడం సరికాదు. మేము ఎరిగినవి కొద్ది ముఖాలే, కాకపోతే అవే ముఖాలను అందరం ఎరుగుదుము.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి మాట నాకు బాగా నచ్చింది, ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి లేదు. హైదరాబాదులో ఉన్నవారికి పాత ముఖ్యమంత్రులందరూ తోటలుగా, కాలనీలుగా, వంతెనలుగా మారిపోయారు. కె.బి.ఆర్. పార్కులో నడకకు వెళతారు, ఎస్.ఆర్. (సంజీవరెడ్డి) నగర్‌లో హాస్టలు వెతుక్కుంటారు, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి.ఎన్.ఆర్. వంతెన మీద పోతారు. పొడి అక్షరాల పేరులో మనిషి మాయమైపోతాడు. హుస్సేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కుకు పిల్లలను తీసుకువెళ్లి అడగండి, అక్కడ 2016లో నిలబెట్టిన 291 అడుగుల జెండా స్తంభం గురించి చెబుతారు. ఆ పార్కు దగ్గరే ఆయన సమాధి ఉందని, దేశంలో ముఖ్యమంత్రి అయిన మొదటి దళితుడు ఆయనేనని, కర్నూలు దగ్గర పెదపాడులో నిరుపేద ఇంట పుట్టి ఆ స్థాయికి వచ్చాడని చెప్పగలిగే పెద్దవాళ్లే కరువు, పిల్లలను అనేదేముంది? ఊరికి పేరు పెట్టడం ఆ మనిషిని బతికించడమే అని ప్రభుత్వాలు అనుకుంటాయి. నా అనుభవంలో పేరు పెట్టి ఊరుకుంటే పేరు బతుకుతుంది, మనిషి పోతాడు.

ట్యాంక్‌బండ్ మీద 1986లో రామారావు గారి ప్రభుత్వం నిలబెట్టిన 33 విగ్రహాలను తీసుకోండి. నన్నయ, తిక్కన, ఎఱ్ఱన పక్కపక్కన ఉంటే కింద పలక చదవకుండా ఎవరెవరో చెప్పగలవారు తెలుగు పండితులలో కూడా ఎందరుంటారు? శిల్పి ఊహించిన ముఖాలకు అసలు ముఖాలు లేవు కనుక అక్కడ పలకే ముఖం. శ్రీశ్రీని మాత్రం పలక లేకుండానే పోల్చుకుంటారు, ఎందుకంటే ఆయన్ని ఫొటోలలో చూసినవాళ్లున్నారు.

జవాబు 3
బీటెక్ ఆఖరి సంవత్సరం, హనుమకొండ

పెద్దలందరికీ నమస్కారం. మా తరం తరఫున కొంచెం వాదించడానికి అనుమతించండి.

కార్యదర్శి గారూ, మీ పోటీలో పెట్టిన చిత్రాలను ఎంపిక చేసిన కమిటీ సభ్యుల వయసు ఎంత? నా అనుమానం ప్రకారం అందరూ యాభై దాటినవారే అయి ఉంటారు. ప్రశ్నపత్రం ఎవరు తయారుచేస్తే వాళ్ల తరానికే మార్కులు ఎక్కువ వస్తాయి. మా తాతయ్య దినపత్రికను మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వదలకుండా చదివే మనిషి. మీ టపా చదివాక నేను ఆయనకు అర్జున్ ఇరిగేసి ఫొటో చూపించి ఎవరని అడిగితే కొత్త సినిమా హీరోనా అన్నారు. చదరంగంలో ఆనంద్ తర్వాత 2800 రేటింగు దాటిన రెండో భారతీయుడు అనగానే, ‘మన వరంగల్లు పిల్లవాడు కదూ, పేపర్లో చదివాను’ అన్నారు. అంటే వార్త తెలుసు, ఊరు తెలుసు, ముఖం తెలియదు. నిఖత్ జరీన్ పేరు, ఆమెది నిజామాబాదు అన్న సంగతి, బాక్సింగులో 2022లోనూ, 2023లోనూ ప్రపంచ విజేత అయిందన్న సంగతి కూడా చెప్పారు. చేతి గ్లవ్స్ లేకుండా ఉన్న ఆమె ఫొటోను మాత్రం పోల్చుకోలేకపోయారు. పారిస్ పారాలింపిక్స్‌లో 2024లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తి మా జిల్లా అమ్మాయే అయినా ముఖమూ తెలియలేదు, పేరూ రాలేదు. దానికి ఆయనను అజ్ఞాని అని ఎవరూ అనరు కదా.

రెండో విషయం, తరం అన్న గీతకన్నా ప్రాంతం అన్న గీత కొన్ని చోట్ల గట్టిగా ఉంటుంది. ఆచార్య జయశంకర్ గారి ముఖం మా బడిలో గోడ మీద ఉండేది, కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటూ పెరిగాము. మా వయసువాడే అయిన నా కాకినాడ స్నేహితుడికి ఆ ఇద్దరి ముఖాలూ తెలియవు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 2014కు ముందు చదివినవారికి అది ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం, తర్వాత చేరినవారికి జయశంకర్ విశ్వవిద్యాలయం. ప్రాంగణం మారలేదు, చెట్లు మారలేదు, పదేళ్ల తేడాతో చదివిన ఇద్దరికి రెండు వేర్వేరు పేర్లు రోజూ నోట్లో నానాయి.

మూడోది నన్ను కొంచెం ఇబ్బంది పెట్టే విషయం. పత్రిక పెద్దాయన గారు తమ తరంలో అందరూ అవే కొద్ది ముఖాలను ఎరుగుదురని రాశారు. మాకు ముఖాలు లెక్కలేనన్ని, కానీ అందరికీ ఉమ్మడిగా తెలిసినవి తక్కువ. మా హాస్టలు గదిలో ముగ్గురం ఉంటాము. ఒకడి ఫోనులో రోజంతా పరీక్షల పాఠాలు చెప్పే యూట్యూబు మాస్టార్లు, ఇంకొకడి ఫోనులో వంటలు, ప్రయాణాల వీడియోలు చేసేవారు, నా ఫోనులో క్రికెట్ విశ్లేషకులు. లక్షలమంది అనుసరించే మనిషిని నా పక్క మంచం వాడు ఎప్పుడూ చూసి ఉండడు. కాబట్టి ముప్ఫై ఏళ్ల తర్వాత మీరు ఇదే పోటీ పెట్టి మమ్మల్ని పెద్దల జట్టులో కూర్చోబెడితే, మా జట్టు మొత్తం గుర్తుపట్టే ముఖాలు సినిమావాళ్లవి, క్రికెట్‌వాళ్లవి, ప్రధానమంత్రులవి తప్ప మరేమీ ఉండకపోవచ్చు.

జవాబు 4
రాజమహేంద్రవరం నుంచి

ప్రాంతం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న చేర్పు. గోదావరి డెల్టాలో ఏ పిల్లవాడికైనా సర్ ఆర్థర్ కాటన్ బొమ్మ చూపించండి, తప్పకుండా చెబుతాడు. ఆయన 1803లో పుట్టి 1899లో చనిపోయారు, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆయనను కళ్లారా చూసినవారు ఇప్పుడెవరూ లేరు, పైగా పరాయి దేశస్థుడు. అయినా ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి, మే 15న రైతులు దండలు వేస్తారు, గోదావరి స్నానం చేసేటప్పుడు ఆయనను భగీరథుడిగా తలచుకుని శ్లోకం చదివే పురోహితులున్నారు. అన్నిటికీ మించి పొలానికి కాలువలో నీళ్లు వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు ఆయన మాట ఎత్తుతారు. పెన్నా దాటి అనంతపురం వైపు వెళితే అదే బొమ్మ ఎవరో దొర బొమ్మ. అంబేద్కర్‌ను అన్ని వయసులవారూ గుర్తుపట్టడానికి కారణం కూడా ఇలాంటిదే అనుకుంటాను. పల్లె పల్లెనా నీలం కోటు, కళ్లజోడు, చేతిలో పుస్తకం, ఏటా ఏప్రిల్ 14న ఊరేగింపు. పాఠ్యపుస్తకం చేయలేని పనిని ఆ ఊరేగింపు చేసింది.

జవాబు 5
న్యూజెర్సీ నుంచి ఒక తల్లి

మా పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగినవారు కాబట్టి ఈ చర్చ ఆసక్తితో చదివాను. వారికి తెలుగువారిలో ముఖం చూసి పేరు చెప్పగలిగేది సినిమా నటులను, సత్య నాదెళ్లను మాత్రమే. పి.వి. నరసింహారావు గారు మా అమ్మానాన్నల మాటలలో వినబడే పేరుగానే మిగిలిపోయారు. ఆయనకు 2024లో భారతరత్న ప్రకటించినప్పుడు మా నాన్నగారు వీడియో కాల్‌లో చాలాసేపు ఆయన గురించి చెప్పారు. ఆ తర్వాత మా పెద్దవాడు ఆయన ఫొటోను గుర్తుపడుతున్నాడు. ఇంట్లో ఒకరు కూర్చుని చెబితే తప్ప ఇక్కడ వేరే దారి లేదు.

కార్యదర్శి గారి ప్రశ్నకు దగ్గరగా ఉండే పరిశోధన ఒకటి అమెరికాలో జరిగింది. హెన్రీ రోడిగర్, కె. ఆండ్రూ డిసోటో అనే పరిశోధకులు 1974, 1991, 2009 సంవత్సరాలలో కళాశాల విద్యార్థుల చేత అమెరికా అధ్యక్షుల పేర్లు రాయించి సేకరించిన జవాబులను పోల్చి 2014లో ప్రచురించారు. మూడు కాలాల విద్యార్థులకూ మొదటి కొద్దిమంది అధ్యక్షులు, తమ కాలానికి దగ్గరవారు బాగా గుర్తున్నారు, మధ్యలో లింకన్, ఆయన చుట్టుపక్కలవారు గుర్తున్నారు. మిగతావారు తరం మారిన కొద్దీ ఒక క్రమంలో జారిపోతున్నారు. మన ముఖ్యమంత్రుల జాబితాకు దీన్ని అన్వయిస్తే ప్రకాశం పంతులు గారు, నీలం సంజీవరెడ్డి గారు మొదటివారుగా నిలుస్తారు, ఇటీవలివారు ఎలాగూ నిలుస్తారు, భవనం వెంకట్రామిరెడ్డి గారి వంటివారు జారిపోతారు. నాదెండ్ల భాస్కరరావు గారు 1984లో ఒక్క నెలే పదవిలో ఉన్నా ఆ ఆగస్టు సంక్షోభం వల్ల నా వయసువారికి ఇప్పటికీ గుర్తే.

అదే పరిశోధకులు తర్వాత మరో చమత్కారమైన పరీక్ష పెట్టారు. పేర్ల జాబితా ఇచ్చి వీరిలో అధ్యక్షులెవరో చెప్పమంటే, ఎన్నడూ అధ్యక్షుడు కాని అలెగ్జాండర్ హామిల్టన్‌ను ఎక్కువమంది అధ్యక్షుడే అన్నారు. పేరు బాగా పరిచయమైతే చాలు, పదవిని మనసే కట్టబెట్టేస్తుంది. మీ పోటీలో ఎన్.జి. రంగా గారి వంటి, ముఖ్యమంత్రి పదవి చేపట్టని పెద్ద నాయకుడి చిత్రం పెట్టి ‘ఈయన ముఖ్యమంత్రిగా పనిచేశారా?’ అని అడిగి చూడండి. పెద్దల జట్టు కూడా అక్కడ బోల్తా పడే అవకాశం ఉంది.

ప్రశ్న అడిగినవారి స్పందన
కాలనీ గ్రంథాలయ కార్యదర్శి, హైదరాబాదు

అందరికీ ధన్యవాదాలు. విద్యార్థి మిత్రుడి అనుమానం నిజమే, చిత్రాలు ఎంచిన మా కమిటీలో అందరికన్నా చిన్నవాడి వయసు యాభై నాలుగు. వచ్చే ఏడాది కమిటీలోకి ఇద్దరు ఇంటర్మీడియట్ విద్యార్థులను తీసుకుంటున్నాము. ప్రతి జట్టూ తన కాలపు ముఖాలను కొన్ని ఇస్తుంది, ఆ చిత్రాలను మిగతా రెండు జట్లు గుర్తుపట్టాలి. పెద్దల జట్టును అరవై నుంచి డెబ్బై అయిదు వరకు, ఆపైన అని రెండుగా విడదీస్తాము. ఒక్కొక్క నాయకుడికి రెండేసి ఛాయాచిత్రాలు, ఒకటి అలవాటైనది, ఒకటి వేరే వయసులోనిది, వేరువేరు చోట్ల అంటిస్తాము. పత్రికా కార్యాలయంలో పనిచేసిన పెద్దలు సంజీవయ్య గారి ఛాయాచిత్రాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పగలిగితే మేలు చేసినవారవుతారు, మాకు దొరికినది ఒక్కటే, అదీ మసకబారినది.

మార్కుల విషయంలో మాత్రం కమిటీలో ఏకాభిప్రాయం రాలేదు. పేరు రాయకుండా వివరాలన్నీ సరిగా రాసినవారికి సగం మార్కులు ఇవ్వాలని నేను, పేరు లేకపోతే సున్నాయే అని మా పెద్దాయన పట్టుబట్టి ఉన్నాము.

జవాబు 6
మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు, విశాఖపట్నం

సగం కాదు, ముప్పాతిక ఇవ్వండి. పేరు మాత్రమే రాసి ఆ మనిషి ఏం చేశాడో ఒక్క మాట కూడా రాయలేనివారికి పాతిక చాలు. కాగితంలో పేరుకు ఒక గడి, ‘ఈయన గురించి మీకు తెలిసినది’ అని ఇంకొక పెద్ద గడి పెడితే మీ పెద్దాయన అభ్యంతరం సగం తీరిపోతుంది. ఆ రెండో గడిలో మూడు జట్లూ రాసినవాటిని పారేయకుండా భద్రపరచండి. ముఖ్యంగా డెబ్బై అయిదు దాటినవారు సంజీవయ్య గారి గురించి రాసేవి ఏ పుస్తకంలోనూ దొరకకపోవచ్చు. రాయడానికి చేయి వణికేవారుంటే పిల్లల జట్టులో ఒకరిని పక్కన కూర్చోబెట్టి వారు చెబుతుంటే రాయించండి. అందువల్ల పోటీ నిబంధనకు భంగం ఏమీ కలగదు.